ఇద్దఱును రెండును: జపానుభాష నేర్చువారికి లెక్కమాటల పాఠము

మా తెలుగు తరగతిలో నొకనాడు వ్యాసములు దిద్దుచుండగా నొక విద్యార్థి పుస్తకమున "మా బడియందు మూడు ఉపాధ్యాయులు కలరు" అను వాక్యము కనబడెను. వ్రాసిన బాలుడే దానిని పైకి చదివెను. తరగతి యంతయు గొల్లుమనెను. నవ్వినవారిని నిలువబెట్టి, ఏమి తప్పని మేమడిగితిమి. "ముగ్గురనవలెనండీ" యని యందఱును చెప్పిరి. ఏల యట్లనవలెనన్న ప్రశ్నకు మాత్రము కొంతసేపటివఱకు బదులు రాలేదు. తుదకు వెనుకబల్లమీది బాలిక యొకతె లేచి, "కుర్చీలైతే మూడు, మనుష్యులైతే ముగ్గురు" అని చెప్పెను.

ఆ మాటయే యీ పాఠమునకు మూలమైనది. ఏలయన, ఆ దినము సాయంకాలముననే మన పాఠశాలలో చదివి నర్సుపని నేర్చిన పూర్వవిద్యార్థిని యొకతె మాయొద్దకు వచ్చినది. జపానుభాష మొదలిడి నెలదినములైనదట. అక్షరములు కొంత వచ్చినవట. కర్త, కర్మ, క్రియ యను వాక్యక్రమము మన తెలుగువలెనే యుండుటచే అదియు సులభముగనే యున్నదట. గాని లెక్కపెట్టబోవునప్పటికి నోరాడకున్నదట. "రెండు పెన్సిళ్లనిన నొక రెండు, రెండు కాగితములనిన మఱియొక రెండు, ఇద్దఱు మనుష్యులనిన వేఱొక రెండు. ఒక్క రెండునకు ఇన్ని రెండులేమిటండీ?" యని యామె విచారము.

2021 జనవరిలో భారతదేశమునకును జపానునకును నైపుణ్యముగల పనివారిని గూర్చి యొక ఒడంబడిక జరిగినది. వృద్ధులకు శుశ్రూష చేయుట యందలి పనులలో నొకటి. తెలంగాణ ప్రభుత్వసంస్థయగు టాంకాం నర్సులకు ఆ దేశమున పని చూపుటకై వారికి జపానుభాష నేర్పించు నేర్పాటులు చేసినది. కావున మధిరవంటి యూరి పిల్లలకు ఇది దూరపు ముచ్చట కాదు. ఆ పూర్వవిద్యార్థినితో గూర్చుండి కొన్ని వారములు మేము చేసికొన్న పాఠమును, మఱి కొందఱకు పనికివచ్చునను తలంపుతో, ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట మన యింటి సొమ్మును చూచుకొందము. తెలుగున రెండను సంఖ్యకే రెండు రూపములున్నవి. ఎద్దులు రెండు, బల్లలు రెండు; మనుష్యులు మాత్రము ఇద్దఱు. మూడు, ముగ్గురు, నాలుగు, నలుగురు, అయిదు, అయిదుగురు. ఇట్లు ఏడుగురివఱకు 'గురు' చేర్చుచు బోయి, ఎనమండుగురు, తొమ్మండుగురు అని కొంచెము వంకరపోయి, పదియొద్దకు రాగానే ఆ పద్ధతిని విడిచి పదిమంది యందుము. పదుగురనుటయు గలదు గాని అది దాటిన పిమ్మట మందియే గతి. ఒకటియొద్ద స్త్రీపురుషభేదమును గూడ పాటింతుము: ఒకడు, ఒకతె, ఒకటి, మర్యాదకు ఒకరు. తెలుగుబిడ్డ యెవ్వడును దీనిని పుస్తకము చూచి నేర్చుకొనలేదు. అయినను "మీరెందఱు?" అని యడిగిన "నలుగురము" అనునే గాని "నాలుగు" అనడు.

మన సోదరభాషలలో నిది యింకను సూక్ష్మముగ నున్నది. అదిలాబాదు ప్రాంతపు కొలాములు మాటాడు కొలామీ భాషను ఎమెనో పండితుడు 1955లో ప్రచురించిన గ్రంథమున వర్ణించెను. ఆ భాషయందు ఇద్దఱు పురుషులైన 'ఇద్దర్', ఇద్దఱు స్త్రీలైన 'ఈరాల్', వస్తువులు రెండైన 'ఇందింగ్'. లెక్కించుటకు ముందే, లెక్కింపబడునది యేమని చూచుట మన భాషాకుటుంబమునకు పుట్టుకతో వచ్చిన యలవాటు. జపానువారు ఆ యలవాటును మనకంటె మిక్కిలి దూరము తీసికొనిపోయిరి, అంతియే.

వారు మనుష్యులను లెక్కించు తీరు చూడుడు. ఒకరు హితొరి, ఇద్దఱు ఫుతరి, ముగ్గురు సన్నిన్, నలుగురు యొనిన్, అయిదుగురు గొనిన్, ఆపైన రొకునిన్, ననానిన్, హచినిన్, క్యూనిన్, జూనిన్. మొదటి రెండును పాత దేశ్యరూపములు. మూడునుండి 'నిన్' అను లెక్కమాట చేరుచు బోవును. మన 'మంది' పదియొద్ద ప్రారంభమగును. వారి 'నిన్' మూడియొద్దనే ప్రారంభమగును. ఈ మాట చెప్పినతోడనే మన పూర్వవిద్యార్థిని ముఖము తేటవడెను. నలుగురియొద్ద మాత్రము జాగ్రత్త వలయును: యొన్, నిన్ అను రెండు మాటలు కలిసినను 'యొన్నిన్' కాదు, 'యొనిన్' అనియే పలుకవలెను.

సంఖ్యతో జేరి, లెక్కింపబడునది యే జాతిదో తెలుపు ఈ 'నిన్' వంటి మాటలనే మేము లెక్కమాటలని పిలుచుచున్నాము. ఇవి కొన్ని వందలు గలవు. భయపడవలదు. సంసారము గడుపుకొనుటకు ఇరువది ముప్పది చాలును; మొదటి మాసమునకు అయిదాఱు చాలును.

వీనికంటె ముందు జపానుభాషలో ఒకట్లు రెండు వరుసలుగ నున్నవని తెలియవలెను. మొదటి వరుస దేశ్యము: హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు, యొత్త్సు, ఇత్సుత్సు, ముత్త్సు, ననత్సు, యత్త్సు, కొకొనొత్సు, తో. రెండవది చీనాదేశమునుండి వచ్చినది: ఇచి, ని, సన్, యొన్, గొ, రొకు, నన, హచి, క్యూ, జూ. ఇదియు మనకు వింత గాదు. మనకు ఒకటి, రెండు, మూడు ఉన్నవి. ఏక, ద్వి, త్రి యనునవియు నున్నవి. నవరత్నములందుము, పంచపాండవులందుము; సంతలో 'నవ వంకాయలిమ్ము' అనినచో కూరలమ్మి నవ్వును. వైరిసమాసమును గూర్చి వ్యాకరణమున చదివినవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు. జపానుభాషలోను చీనా లెక్కమాటకు చీనా సంఖ్య, దేశ్యపు మాటకు దేశ్యసంఖ్య చేరుట సామాన్యనియమము. నాలుగు, ఏడు సంఖ్యలకు మాత్రము చీనా వరుసలో గూడ దేశ్యములగు యొన్, నన అనువానినే తఱచుగా వాడుదురు. నాలుగునకు చీనా రూపము 'షి'. మరణమునకును 'షి' యనియే పేరు. కావున వైద్యశాలలందు ఆ శబ్దమును నోటికి రానీయరు. మనవారు దీపము కొండెక్కినదనుట యిట్టిదే గదా!

'త్సు' అను ధ్వనికి గొందఱు జంకుదురు. జంకనేల? చుక్క, చుట్టము అని పలికి చూడుడు. ఆ చకారము దంత్యము. జపానువారి 'త్సు' దానికి మిక్కిలి దగ్గఱ. హ్రస్వదీర్ఘములగు ఎ, ఏ, ఒ, ఓ అన్నియు మన లిపియందున్నవి. అందుచే జపానుమాటలను ఇంగ్లీషు లిపిలో కంటె తెలుగులో వ్రాసికొన్నచో నుచ్చారణ శుద్ధముగ నిలుచును. మేము మొదటినుండి యట్లే వ్రాసికొంటిమి.

దేశ్యవరుస బాటసారికి ఊతకఱ్ఱవంటిది. ఏ వస్తువున కే లెక్కమాటయో తోచనప్పుడు, పదిలోపు సంఖ్యకు హితొత్సు, ఫుతత్సు అనిన జాలును, అంగడివాడు గ్రహించును. మామిడిపండ్లు, ఉల్లిగడ్డలు, పెట్టెలు, ప్రశ్నలు, కోరికలు అన్నియు దానిలో నిముడును. పదికి పైన దేశ్యవరుస లేదు. మన 'గురు' పదియొద్ద ఆగిపోయినట్లే యిదియు ఆగును. అయితే మనుష్యులను దీనితో లెక్కింపరాదు. పసిపిల్లల యేండ్లను ఫుతత్సు, మిత్త్సు అని చెప్పుదురు గాని, పిల్లలను చెప్పరు. చెప్పినచో 'మూడు ఉపాధ్యాయులు' అనినట్లే యుండును. అక్కడివారు మన తరగతివలె గొల్లుమని నవ్వరు, మర్యాదస్థులు, అదియే చిక్కు. నవ్వనివారిచేత తప్పు దిద్దబడదు.

ఇక ఆకారమును బట్టి వచ్చు మాటలు. పొడవై సన్ననివానికి 'హొన్': పెన్సిలు, గొడుగు, త్రాడు, వెదురు, స్తంభము, చెట్టు, సీసా, అరటిపండు. మన యూరి మిరపకాయయు, చెఱకుగడయు దీనిలోనివే. పలుచగ వెడల్పుగ నుండువానికి 'మై': కాగితము, పళ్లెము, ఆకు, దుప్పటి, టికెట్టు, చొక్కా. చెట్టున నున్నంతకాలము తాడి 'హొన్', కోసి పఱచిన తాటాకు 'మై'. మన దోసెయు 'మై' లోనికే పోవును. గుండ్రనివో, ముద్దగ నున్నవో యగు చిన్నవస్తువులకు 'కొ'. యంత్రములకు, బండ్లకు, సైకిళ్లకు 'దై'. గిన్నెలో, గ్లాసులో పోసినదానికి 'హై'. జోళ్లకు, మేజోళ్లకు జత లెక్కన 'సొకు'. పుస్తకములకు 'సత్సు'. ఇండ్లకు 'కెన్'.

ఈ హొన్ అను మాటకు వింతైన విస్తృతి గలదు. మన మధిర స్టేషనులో ఉదయమునుండి ఎన్ని బండ్లు పోయినవని లెక్కించుచో, ఆ రాకపోకలను జపానువారు హొన్ అనియే లెక్కింతురు. బండికి తగిలించిన పెట్టెలనో 'ర్యో' అని వేఱుమాటతో లెక్కింతురు. టెలిఫోను పిలుపులును హొన్. అది చెవులార విననైనది గాని కనులార కననిది. అయినను తీగవలె నొకచోటినుండి మఱియొకచోటికి సాగునని వారి భావన కాబోలును.

హొన్ నేర్చువారికి నిజమైన కష్టము అర్థమున గాదు, శబ్దమున. ఒకటి ఇప్పొన్, రెండు నిహొన్, మూడు సంబొన్, నాలుగు యొన్హొన్, అయిదు గొహొన్, ఆఱు రొప్పొన్, ఏడు ననహొన్, ఎనిమిది హప్పొన్, తొమ్మిది క్యూహొన్, పది జుప్పొన్. ఒక్క 'హొన్' మాటిమాటికి పొన్, బొన్ అని మాఱుచున్నది. దీనిని చూచి మన పూర్వవిద్యార్థిని పుస్తకము మూసివేసినది. అప్పుడామెను తెలుగు పదులు చెప్పుమంటిమి. ఇరువది, ముప్పది, నలువది, ఏబది, అఱువది, డెబ్బది, ఎనుబది, తొంబది. "వీనిలో పది యెక్కడ?" అని యడిగితిమి. ఆమె కొంచెము నిలిచి చూచినది. ముప్పదిలో 'ప్ప', నలువదిలో 'వ', ఎనుబదిలో 'బ', డెబ్బదిలో 'బ్బ'. ఉన్నది యొక్క 'పది' యే. ముందు వచ్చు సంఖ్యను బట్టి వేషము మార్చుచున్నది. చిన్ననాట ఎక్కములతో వచ్చినది కావున మన కది కష్టమని తోచలేదు. నిహొన్, సంబొన్ అనునవి జపానుబిడ్డకు అట్టివే.

ఈ మార్పునకు లక్షణమును చెప్పవచ్చును. 'హ' తో ఆరంభమగు లెక్కమాట ఒకటి, ఆఱు, ఎనిమిది, పది సంఖ్యల తరువాత 'ప్ప' యగును, మూడు తరువాత 'బ' యగును, తక్కినచోట్ల మాఱదు. 'క' కారాదులకు అవే నాలుగుచోట్ల ద్విత్వము: ఇక్కెన్, రొక్కెన్, హక్కెన్, జుక్కెన్, మూడిండ్లు సంగెన్. 'స' కారాదులకు ఒకటి, ఎనిమిది, పదులయొద్ద ద్విత్వము: ఇస్సత్సు, హస్సత్సు, జుస్సత్సు; ఆఱుయొద్ద మాత్రము రొకుసత్సు అని యట్లే యుండును. 'మై', 'దై' యనునవి సాధువులు, ఎచ్చటను మాఱవు. కావున మొదలుపెట్టువారు 'మై' తో మొదలుపెట్టుట మేలు. 'హ' యేల 'ప' యగుననిన, నేటి జపాను హకారము ప్రాచీనకాలమున పకారమే. ద్విత్వమున నది చెడక నిలిచినది. మన పొరుగున కన్నడమునందు పాలు హాలైనది, పులి హులియైనది, పది హత్తైనది. బళ్లారి వైపు చుట్టములున్నవారి కీ సంగతి తెలియును.

ఇన్ని మాటలేల, ఇది కేవలము తూర్పుదేశపు వింత యని కొందఱందురు. వారి మాట సరికాదు. మన మధిర 1948 వఱకు నిజాము రాజ్యములోనిది. ఆ రాజ్యపు కచ్చేరీలలో మొదట పారసీకము, పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమునుండి ఉర్దూ, అధికారభాషలుగ నుండెను. మొగలాయీల నాటినుండి పారసీకమున లెక్కలు వ్రాయువారు ఊరక 'ఏనుగులు పది' యని వ్రాయలేదు. మనుష్యునకు నఫర్, గుఱ్ఱమునకు రాస్, అనగా తల, ఏనుగునకు జంజీర్, అనగా గొలుసు, ఖడ్గమునకు కబ్జా, అనగా పిడి, వేటడేగకు దస్త్, అనగా చేయి, పుస్తకమునకు జిల్ద్, అనగా అట్ట. ఏనుగు నెదుట నిలుపకుండనే, గొలుసను మాటతో దాని బరువును, దానిని కట్టివేసిన తీరును ఒక్క పలుకున చూపినారు. డేగ వాలియుండుట వేటకాని చేతిమీద గదా! నఫరు, జిల్దు, కిత్తా యను మాటలు తెలుగులోనికిని వచ్చినవి. ఆ లెక్కలు వ్రాసిన గుమాస్తాను తీసికొనిపోయి జపానులో కూర్చుండబెట్టిన, అతడు మనకంటె త్వరగా నేర్చుకొనియుండును.

ఏలయన జపానువారి తీరును అదియే. ఆవులు, గుఱ్ఱములు, ఏనుగులు మొదలగు పెద్ద జంతువులకు 'తో', అనగా తల: ఇత్తో, నితో, సన్తో. పక్షులకు 'వ', అనగా ఱెక్క: ఇచివ, నివ. కుర్చీలకు 'క్యకు', అనగా కాలు. కుక్క, పిల్లి, చేప, పురుగు మొదలగువానికి 'హికి': ఇప్పికి, నిహికి, సంబికి. కుందేటికి ఱెక్కలు లేకున్నను దానిని పక్షులతో జేర్చి 'వ' యని లెక్కించుట పూర్వాచారము. దీనికి కారణముగా పలుకథలు చెప్పుదురు. దేవతలను 'హషిర', అనగా స్తంభము, అని లెక్కింతురు. ఖమ్మము పేరు కంబమునుండి పుట్టినదని, అందలి కొండ స్తంభాద్రి యని, నరసింహస్వామి స్తంభమున వెలసెనని వినుచు పెరిగిన మనకు ఈ మాట యంత వింతగ నుండదు.

మన పల్లెలలోను ఇట్టివి లేకపోలేదు. ఎద్దులను కాడి లెక్కన, సేద్యమును అరకల లెక్కన, పిడకలను నాలుగింటి కొకటిగ పుంజీల లెక్కన, పూలదండను మూరల లెక్కన చెప్పుదురు. అయితే ఒక్క భేదము. మన కాడి, పుంజీ, మూర యనునవి గుంపులు, కొలతలు; అవసరమైనప్పుడు వాడుదుము, లేనిచో మానుదుము. జపానువారి లెక్కమాట ఒక్క వస్తువునకైనను విడువరానిది. మనకు అట్లు విడువరానిది మనుష్యుని యొద్ద మాత్రమే.

వాక్యమున వీని స్థానము తెలుగువానికి అలవాటైనదే. "ఎంపిత్సు ఒ నిహొన్ కుదసై" అనగా "పెన్సిళ్లు రెండిండు" అని యర్థము. మొదట వస్తువు, తరువాత సంఖ్య, చివరకు క్రియ. మనమును "కాయలు నాలుగిమ్ము", "పిల్లలు ముగ్గురు వచ్చిరి" అందుము గదా. ఇంగ్లీషు మీదుగ తర్జుమా చేసికొన్న వారే ఇచ్చట తడబడుదురు. నేరుగ తెలుగునుండి పోయినవారికి దారి సమముగ నుండును. తెలుగు తమిళములకును జపానుభాషకును చుట్టరికమున్నదని దీనివలన నిశ్చయింపరాదు సుమా. జపాను పండితుడు ఓనో సుసుము తమిళమునకును జపానుభాషకును సంబంధము కలదని గ్రంథములు వ్రాసెను గాని, భాషాశాస్త్రజ్ఞులలో నధికసంఖ్యాకులు దాని నంగీకరింపలేదు. పోలిక వేఱు, పుట్టుక వేఱు.

ఇంతవఱకు సంత, స్టేషను. ఇక రోగి మంచమునొద్దకు పోవుదము. ఆ పూర్వవిద్యార్థినికి కావలసిన దదియే. మేము హెచ్చుకాలము గడిపినదియు దానిమీదనే.

మందుబిళ్లలకు లెక్కమాట 'జో': ఇచిజో, నిజో, సన్జో. పొట్లములలోని పొడిమందునకు 'హో': ఇప్పో, నిహో, సంపో. సంబొన్ అలవాటైనవారు దీనిని 'సంబో' యందురు. తప్పు, ఇది సంపో. ఎన్నిసారులనుటకు 'కై': ఒకసారి ఇక్కై, మూడుసారులు సంకై. మేడ అంతస్తునకును 'కై' యే గాని, మూడవ అంతస్తు సంగై యని పలుకుట రూఢము. కావున 'సంకై' యనిన మూడుమాఱులు; 'సంగై' యనిన మూడవ అంతస్తు.

దినములయొద్ద దేశ్యవరుస మరల తల యెత్తును. రెండు దినములు ఫుత్సుక, మూడు మిక్క, నాలుగు యొక్క, అయిదు ఇత్సుక, ఆఱు ముయిక, ఏడు ననొక, ఎనిమిది యోక, తొమ్మిది కొకొనొక, పది తోక. మా విద్యార్థులకు ఇది చెప్పినప్పుడు నాలుగు దినములు మన షష్ఠీవిభక్తి ప్రత్యయమైనదనియు, పది దినములు ఎద్దుతోక యైనదనియు నవ్విరి. నవ్వినది మఱవరు కావున మేమును వారింపలేదు. గాని నాలుగు 'యొక్క', ఎనిమిది 'యోక'. మొదటిదానిలో ఒకారము హ్రస్వము, కకారము ద్విత్వము. రెండవదానిలో ఓకారము దీర్ఘము, కకారమొక్కటి. వినువానికి రెండును ఒకే కాలము పట్టినట్లుండును. ఇతర దేశములవారు ఈ రెంటియొద్ద సంవత్సరములతరబడి పొరబడుదురు. మన చెవి పలక, పాలక అను భేదమును, గడి, గడ్డి అను భేదమును చిన్ననాటినుండి పట్టినది. కావున మనము పొరబడవలసిన పని లేదు.

అయినను పొరబడితిమి. ఒక సాయంకాలము మేము వైద్యునివలెను, ఆమె నర్సువలెను నటించుచు మందుచీటి చదువుకొనుచుంటిమి. మేము 'యోకబున్' అని చదివితిమి; ఎనిమిది దినములకు సరిపడు మందని యర్థము. ఆమె నాలుగని వ్రాసికొన్నది. తప్పు చెవిదా, నోటిదా యని విచారింపగా, తుదకు మాదేయని తేలినది. మేము దీర్ఘమును సరిగ సాగదీయలేదు. ఆమె నవ్వలేదు. "అక్కడ ముసలివారు మంచముమీదనుండి మెల్లగ చెప్పుదురండీ, నోటిలో పండ్లుండవు, నాకెట్లు తెలియును?" అని యడిగినది. ఆ ప్రశ్నకు మేము వెదకిన జవాబు ఇది. అంకెను నోట మరల చెప్పి, వ్రేళ్లతో చూపి, కాగితముమీద వ్రాసి చూపవలెను. జపానునందును వైద్యశాలలో అంకెలు 4, 8 అనియే వ్రాయుదురు, కంటికి సందేహములేదు. మఱియు 'యొక్క' యని వినబడినప్పుడెల్ల "యొన్? హచి?" అని చీనా వరుసలో తిరిగి యడుగవచ్చును, ఆ రెండు శబ్దములకు పోలికయే లేదు. ఒకే సంఖ్యకు రెండు వరుసలుండుట భారమని మొదట మొఱపెట్టుకొన్న ఆమెకు ఇచ్చట ఆ రెండవ వరుసయే రక్షయైనది.

ఆ వైద్యశాలలోనే మనుష్యుల లెక్కను గూర్చి యొకమాట. 'నిన్' అనునది సాధారణమర్యాద. అతిథులను, ఖాతాదారులను గౌరవించి చెప్పునప్పుడు 'మెయ్' అను మాటకు 'సమ' చేర్తురు: ఇద్దఱు వచ్చిన, నిమెయ్‌సమ. మన 'ఒకడు వచ్చెను', 'ఒకరు వచ్చిరి' అనువానికి గల యంతరము వంటిది. మన తెలుగున స్త్రీని 'ఒకటి' యన్నచో ఎంత హీనమో యెఱిగినవారికి దీని బరువు వేఱుగ జెప్పవలసిన పనిలేదు.

నేర్చుకొను తీరును గూర్చి మా యనుభవము: పట్టికలు వల్లించుట వలన మాకు కలిగిన లాభము స్వల్పము. వస్తువును చేతబట్టి లెక్కించుట వలన కలిగినది యధికము. ఆమె యింట మిరపకాయలు తొడిమలు తీయుచు ఇప్పొన్, నిహొన్, సంబొన్ అని లెక్కించెడిది. విస్తరాకులు కుట్టుచు ఇచిమై, నిమై. కోళ్లను గూటిలోనికి తోలుచు ఇచివ, నివ. ఆమె తమ్ముడు బడికి వచ్చి "మా యక్క కోళ్లతో జపానుభాష మాటాడుచున్నది" అని చెప్పగా మేము విని సంతోషించితిమి.

ఇక అభ్యాసము. జవాబులు చూడకుండ చేయవలెను. అంగడిలో చెఱకుగడలు ఆఱు, తమలపాకులు పది, స్టేషనులో టికెట్లు నాలుగు, దొడ్డిలో ఎద్దులు రెండు, పిల్లులు మూడు, బల్లమీద పుస్తకములు ఎనిమిది, వీధిలో పిల్లలు నలుగురు, రెండు గ్లాసుల టీ. జవాబులు: రొప్పొన్, జూమై, యొన్మై, నితో, సంబికి, హస్సత్సు, యొనిన్, నిహై.

చివరిది మందుచీటి. "ఇచినిచి సంకై, ఇక్కై నిజో, యోకబున్." ఇంటికి తీసికొనిపోవలసిన బిళ్లలెన్ని? నలువదియెనిమిది. ఇరువదినాలుగని వచ్చినవారు దినముల వరుసను మరల పైకి చదువవలెను.